ఇద్దరి ఒప్పందమా, ఎనిమిది దేశాల ఒప్పందమా?

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి కొని పొరుగు దేశాలకు పంపే వ్యాపారికి రెండు దారులున్నాయి. ఒకటి సుంకాలు తగ్గించే భారత్–శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం: 1998లో సంతకాలు, 2000 మార్చి నుంచి అమలు. రెండోది దక్షిణాసియాలోని ఎనిమిది దేశాల కూటమి సార్క్ చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, సాఫ్టా: 2004లో సంతకాలు, 2006 నుంచి అమలు.

చట్టం దగ్గర రెండూ ఒకటే. సంతకం పెట్టగానే సుంకం తగ్గదు. మన వైపు 1962 కస్టమ్స్ చట్టం కింద నోటిఫికేషన్ రావాలి, అవతలి దేశం కూడా తన సుంకాల పట్టిక మార్చాలి. సరుకు ఇక్కడిదేనన్న ధ్రువపత్రం రెండింటికీ తప్పదు. మన పొలంలో పండిన మిర్చికి అది పెద్ద పనేం కాదు. బయటి ముడిసరుకు కలిపేవాళ్లకే తలనొప్పి. శ్రీలంక ఒప్పందం ప్రకారం మామూలుగా 35 శాతం విలువ ఇక్కడే చేరాలి.

తేడా నమ్మకం దగ్గర వస్తుంది. సాఫ్టా సభ్యదేశమైనా, 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్ సరుకుపై మనం 200 శాతం సుంకం వేశాం. 2014 కాఠ్మండూ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. ఇద్దరే ఉన్నచోట మూడోవాడి అలక అడ్డురాదు.

అలాగని సాఫ్టాను తీసిపారేయలేం. దాని కిందే 2011లో బంగ్లాదేశ్‌కు మద్యం, పొగాకు వంటి 25 వస్తువులు తప్ప మిగతావాటికి సుంకం ఎత్తేశాం. మన పత్తి ఢాకా వెళ్లి చొక్కాగా తిరిగొచ్చినా ఆశ్చర్యం లేదు!

కొలంబోకైతే నా ఓటు మొదటిదానికే. కానీ రెండింట్లోనూ సుంకం తగ్గింపు వర్తించని సరుకుల జాబితాలున్నాయి. ఎండుమిర్చి కస్టమ్స్ కోడ్ 090421, కారంపొడిది 090422; దేనికది విడిగా చూసుకోవాలి.