స్ప్రింట్ ట్రయథ్లాన్ నిర్వహణ: ఒక ఔత్సాహికుడి సమీక్ష
750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగుతో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఈ పోటీ నిర్వహణ మొత్తం మీద మెచ్చదగినదే. 50 మీటర్ల కొలనును 15 సార్లు దాటవలసిన ఈతలో, వేగాన్ని బట్టి వరుసలు కేటాయించడం వల్ల తోపులాట తప్పింది. ఈత ముగించి సైకిల్ అందుకునేలోగా గడిచే సమయం కూడా మొత్తం లెక్కలో చేరుతుంది కనుక, నిర్వాహకులకు అక్కడి ఏర్పాట్లే అసలు పరీక్ష. స్టాండ్లపై అంకెలు దూరం నుంచే కనబడేలా వేశారు, హెల్మెట్ పట్టీ బిగించనిదే సైకిల్‌ను ముట్టుకోనివ్వలేదు (ఈ కట్టుదిట్టం కొందరికి చిరాకు తెప్పించింది గానీ, నియమం నియమమే). సైకిల్ మార్గంలోని ఒక మలుపు వద్ద వాహనాలను ఆపేవారే లేకపోవడం మాత్రం ఉపేక్షించరాని లోపం. పరుగు దారిలో నీళ్లకు కొరత రాలేదు. కాలికి కట్టిన చిప్ ఆధారంగా మూడు అంశాల సమయాలనూ విడివిడిగా అందజేసినందున, రుసుము కాస్త ఎక్కువైనా చెల్లించవచ్చు.