రష్యన్ రచయిత దోస్తోయెవ్‌స్కీతో మొదలెట్టేవాళ్ళకి: నేరము-శిక్ష
చాలామంది డైరెక్టుగా కరమజోవ్ సోదరులు పట్టుకుని మధ్యలోనే వదిలేస్తారండి, అది 1880లో పూర్తయిన ఆయన చివరి నవల, ముందు ఆయన రాసే తీరు అలవాటవ్వాలి కదా. నా ఓటు 1866 నాటి నేరము-శిక్షకే. హీరో రస్కోల్నికోవ్ తన ఇంటి గేటు నుంచి తాకట్టు వ్యాపారం చేసే ముసలామె ఇంటికి ఎన్ని అడుగులో ముందే లెక్కేసుకుంటాడు, సరిగ్గా 730, తర్వాత గొడ్డలి దాచడానికి కోటు లోపల చంక కింద పాత చొక్కా పేలికతో ఉచ్చు కుట్టుకుంటాడు, అది చదువుతుంటే మనకే చెమటలు పడతాయి! హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది, ఇంకో ఐదు భాగాలు వాడి బుర్రలో నరకమే, కేసు విచారించే అధికారి పోర్ఫిరీతో మాటల సీన్లైతే అసలు పుస్తకం కింద పెట్టలేం. పేర్లతో కాస్త తికమక, రోద్యా అన్నా రోదియోన్ రొమానోవిచ్ అన్నా రస్కోల్నికోవే, చీటీ రాసి పెట్టుకోండి.

లావు పుస్తకం వద్దంటే శ్వేత రాత్రులు ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, చాలా బావుంటుంది, కానీ అది 1848లో, ఆయనకి పడ్డ సైబీరియా ఖైదు శిక్షకి ముందు రాసింది, ఆ మెత్తదనం చూసి ఆయనంతా ఇంతేనని మాత్రం అనుకోవద్దు.