వెర్గీనా ఒకరోజు యాత్ర: ఫిలిప్‌ను చూడడానికి వెళితే అలెగ్జాండర్‌ను చూపించారు

ఉత్తర గ్రీసులోని థెస్సలొనీకి నగరం నుంచి వెర్గీనా అనే చిన్న ఊరికి సుమారు 75 కిలోమీటర్లు. మాసిడోనియా రాజుల తొలి రాజధాని ఐగై ఉన్నది అక్కడే. గైడుతో సహా ఒకరోజు బస్సు యాత్ర నడిపే ఒక స్థానిక సంస్థ ద్వారా నేను, నా భార్య మొన్న సెప్టెంబరులో అక్కడికి వెళ్లి వచ్చాము. రెండవ ఫిలిప్ పాలనను ఆయన ఊళ్లోనే తెలుసుకోవాలన్నది నా కోరిక. బడిలో అలెగ్జాండర్, పురుషోత్తముల యుద్ధం చదువుకున్న మనలో చాలామందికి ఫిలిప్ అంటే అలెగ్జాండర్ తండ్రి, అంతే. ఆ కొడుకు నడిపిన సైన్యాన్ని తయారుచేసింది మాత్రం ఈ తండ్రే.

బస్సులో గడిచిన గంటసేపటికి నేను పూర్తి మార్కులు వేస్తాను. గైడుగా వచ్చినావిడ ఫిలిప్ కథను యుద్ధాల జాబితాగా కాకుండా, ఒక రాజ్యం ఎలా నిలదొక్కుకుందన్న ప్రశ్నగా చెప్పారు. క్రీ.పూ. 359లో అన్న పెర్డిక్కాస్ ఇల్లీరియన్లతో జరిగిన పోరులో నాలుగు వేలమందికి పైగా సైనికులతో పాటు నేలకొరిగినప్పుడు, ఇరవై మూడేళ్ల ఫిలిప్ చేతికి వచ్చినది నాలుగు వైపులా శత్రువులున్న దేశం. చిన్నవయసులో థీబ్స్ నగరంలో బందీగా ఉన్న కాలంలో, ఆనాటి గ్రీసులో మేటి సేనాని అయిన ఎపమినోండాస్ యుద్ధవిద్యను దగ్గర నుంచి గమనించే అవకాశం ఆయనకు దక్కింది. ఆ సంగతి చెప్పి, ఆవిడ సంచిలోంచి ఒక తాడు తీసి, ముందు సీట్లో ఉన్న ఒకరికి ఒక కొస ఇచ్చి, నడవ వెంట వెనక్కి నడుచుకుంటూ వచ్చి మా వరుస దగ్గర ఆగారు. ఫిలిప్ తన కాల్బలానికి ఇచ్చిన సరిస్సా అనే ఈటె పొడవు అది, 5 మీటర్లకు పైమాటే. దాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి కనుక డాలు చిన్నదై భుజానికి వేలాడేది. వెనక ఉన్న నాలుగు వరుసల ఈటెల మొనలు కూడా మొదటి వరుసను దాటి ముందుకు పొడుచుకు వచ్చేవి. నేను చదివి ఎన్నడూ ఊహించుకోలేకపోయినది ఆ తాడు చూశాక కళ్లకు కట్టింది.

అయితే ఆ సైన్యాన్ని పోషించిన డబ్బు సంగతి రెండు వాక్యాలతో సరిపెట్టారు. క్రీ.పూ. 356లో క్రెనిడెస్ అనే ఊరిని పట్టి, దానికి తన పేరిట ఫిలిప్పై అని పేరు పెట్టి, పంగాయోన్ కొండ ప్రాంతపు గనుల నుంచి ఏటా వెయ్యి టాలెంట్లకు (టాలెంటు అంటే ఆనాటి గ్రీకుల పెద్ద డబ్బు లెక్క) పైగా రాబడి తెచ్చుకున్నాడని ప్రాచీన చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ఏథెన్స్‌లో డెమోస్తనీస్ అనే వక్త తనకు వ్యతిరేకంగా ఎన్ని ప్రసంగాలు చేసినా ఆగకుండా, క్రీ.పూ. 338లో ఏథెన్స్, థీబ్స్ సేనలను ఓడించిన ఖైరోనియా విజయం దాకా ఈ రాజు ఎలా సాగాడన్నది ఆ రాబడి లెక్క తెలియకపోతే అర్థం కాదు.

సమాధుల మ్యూజియం గురించి ఎంత చెప్పినా తక్కువే. 1977 నవంబరులో మనోలిస్ ఆండ్రోనికోస్ తవ్వి తీసిన రాజసమాధులను వాటి చోటనే ఉంచి, పైన మళ్లీ మట్టిదిబ్బ కప్పి, దాని కడుపులో మ్యూజియం కట్టారు. బయటి ఎండలోంచి లోపలి చీకట్లోకి దిగగానే అందరి గొంతులూ వాటంతటవే తగ్గిపోయాయి. రెండవ సమాధిలో దొరికిన బంగారు పేటిక మూతపై పదహారు కిరణాల నక్షత్రం ఉంది. దహనం తరువాత అస్థికలను ఊదారంగు వస్త్రంలో చుట్టి అందులో పెట్టారు. పక్కనే 313 ఆకులు, 68 కాయలు ఉన్న ఓక్ చెట్టు కొమ్మల బంగారు కిరీటం. ఆకుల అంచులలోని వంపులు కూడా కనిపించేంత సన్నని పని అది. నేను ఎక్కువసేపు నిలబడిపోయినది మాత్రం సుమారు 3 సెంటీమీటర్ల దంతపు తల ముందు. గడ్డం ఉన్న ముఖం, కుడి కనుబొమ మీద గాటు. క్రీ.పూ. 354లో మెథోనీ ముట్టడిలో బాణం తగిలి ఫిలిప్ కుడికన్ను పోయింది.

ఇక్కడే గైడు మీద నాకు మొదటి ఫిర్యాదు. రెండవ సమాధి ఫిలిప్‌దే అని ఆవిడ ఖాయంగా చెప్పేశారు. ఆండ్రోనికోస్ అభిప్రాయం అదే, గ్రీసులో ఎక్కువమంది మాటా అదే. కానీ అది ఫిలిప్ మరో కొడుకు అర్రిడేయస్‌దని వాదించే పండితులు ఉన్నారు. యుద్ధంలో కాలికి తగిలిన గాయంతో ఫిలిప్ కుంటేవాడు. మొదటి సమాధిలోని కాలి ఎముకలలో మోకాలు బిగుసుకుపోయి ఉండడాన్ని బట్టి ఫిలిప్ అక్కడ ఉన్నాడని 2015లో మరో పరిశోధక బృందం ప్రకటించింది. పొడవు సమానం కాని కాలి కవచాల జతను ఫిలిప్ కుంటితనానికి రుజువుగా ఆవిడ చూపించారు గాని, అవి దొరికినది ఒక స్త్రీ అస్థికలున్న ముందు గదిలో అన్న మాట చెప్పలేదు. ఈ వాదం వింటే సందర్శకుల ఆసక్తి పెరుగుతుందే తప్ప తరగదు.

రెండవ ఫిర్యాదు ఇంకా పెద్దది. మ్యూజియానికి ఇచ్చినది 70 నిమిషాలు మాత్రమే. ఆ తరువాత భోజనం, అటుపై అలెగ్జాండర్‌కు అరిస్టాటిల్ చదువు చెప్పిన మియెజా. అది అందమైన చోటే, కాదనను. కానీ దాని కోసం ఐగై రంగస్థలాన్ని వదిలేశారు. క్రీ.పూ. 336లో కూతురు క్లియోపాత్రా పెళ్లి వేడుకలో, పన్నెండుమంది దేవతల విగ్రహాలతో పాటు పదమూడవదిగా తన విగ్రహాన్నీ ఊరేగించి, అంగరక్షకులను దూరంగా ఉండమని తెల్లని వస్త్రంలో ఒంటరిగా నడిచి వచ్చిన ఫిలిప్‌ను ఆయన అంగరక్షకులలోనే ఒకడైన పౌసానియాస్ పొడిచి చంపినది ఆ రంగస్థలంలోనే. రాజు వయసు అప్పటికి నలభై ఆరు. 2024 జనవరిలో తిరిగి తెరిచిన రాజభవనం దానికి కాస్త ఎగువనే ఉంది. అదీ మా కార్యక్రమంలో లేదు. అడిగితే, ఎక్కువమంది అలెగ్జాండర్ కోసమే వస్తారని గైడు మృదువుగా చెప్పారు. ఆవిడను తప్పుపట్టలేను, కార్యక్రమం వేసినది సంస్థ.

అయిదుకు మూడు ఇస్తున్నాను. ఆ మూడూ బస్సులోని ఆ గంటకు, ఆ తాడుకు. వెళ్లదలచినవారు డబ్బు కట్టే ముందు రాజభవనం, రంగస్థలం కార్యక్రమంలో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి. లేవంటే థెస్సలొనీకి నుంచి వేరియాకు, అక్కడి నుంచి వెర్గీనాకు మామూలు బస్సులలోనే వెళ్లి, రోజంతా ఐగైలోనే గడపండి. మేము మళ్లీ వెళితే అలాగే వెళతాము, మొదట రంగస్థలానికే.