రూపాయికో ఓటా, ఇంటికో ఓటా? ధరల పెరుగుదలను కొలవడంలో ఏది మేలు

ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో కేంద్ర గణాంక శాఖ రిటైల్ ద్రవ్యోల్బణం ఇంత శాతమని ప్రకటిస్తుంది. ఆ అంకె తమ ఇంటి లెక్కతో ఎక్కడా పొసగడం లేదనేవారు విశాఖపట్నంలో గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ వీధిలోనైనా కనిపిస్తారు. ధరలు రాసుకునేవారు సరిగా రాసుకోవడం లేదని చాలామంది అనుమానం. నిజానికి ఈ తేడా ధరల సేకరణలో కన్నా, సేకరించిన ధరలను కలిపే పద్ధతిలోనే ఎక్కువగా ఉంది. బియ్యం, అద్దె, బడి ఫీజు ఒక్కొక్కటీ ఎంత పెరిగాయో తెలిసిన తరువాత కూడా, వీటిలో దేనికి ఎంత ప్రాధాన్యమిచ్చి సగటు కట్టాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ ప్రాధాన్యాన్నే వెయిటేజీ అంటారు. అది కుటుంబాలు డబ్బు ఖర్చుపెట్టే తీరు నుంచి పుడుతుంది. ఏ కుటుంబాల ఖర్చు, ఏ సంవత్సరపు ఖర్చు, దాన్ని ఏ విధంగా కూడాలి అన్న మూడు విషయాల్లోనూ ఒకటికి మించిన దారులున్నాయి.

రిటైల్ ద్రవ్యోల్బణాన్ని లెక్కకట్టేది వినియోగదారుల ధరల సూచీతో. 2012 ఆధార సంవత్సరంగా, అంటే ధరలను పోల్చడానికి మొదలుగా తీసుకున్న ఏడాదిగా, ఇటీవలి వరకు నడిచిన ఆ సూచీలో ఆహార పానీయాల వెయిటేజీ దేశం మొత్తానికి 45.86 శాతం. గ్రామీణ సూచీలో అది 54.18, పట్టణ సూచీలో 36.29. పట్టణాల్లో గృహవసతికి 21.67 శాతం ఇచ్చారు. గ్రామాలకు ఆ పద్దే లేదు. ఆదాయం పెరిగినకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే గుర్తించారు. గ్రామానికీ పట్టణానికీ మధ్య కనిపించే ఈ తేడా ఒకే పట్టణంలోని రెండు పేటల మధ్యా ఉంటుంది. భీమిలి తీరంలో వలలు లాగే కుటుంబానికీ, సీతమ్మధారలో సొంత ఫ్లాటున్న కుటుంబానికీ పట్టణ సూచీ ఒకటే. ఆ సూచీలోని 36.29 శాతం మాత్రం ఆ రెండిళ్ళలో దేనిదీ కాకపోవచ్చు.

ఇక్కడే అన్నిటికన్నా ముఖ్యమైన ఎంపిక ఎదురవుతుంది. అన్ని కుటుంబాల ఖర్చునూ ఒక్క రాశిగా పోసి, అందులో తిండికి ఎంత వాటా పోయిందో చూడటం ఒక పద్ధతి. ఇందులో ప్రతి రూపాయికీ ఒక ఓటు ఉంటుంది కాబట్టి ఎక్కువ ఖర్చుపెట్టే ఇంటికి ఎక్కువ ఓట్లు దక్కుతాయి. మన దేశంతో సహా దాదాపు అన్ని దేశాల అధికారిక సూచీలూ ఇలాగే తయారవుతాయి. ముందుగా ఒక్కో కుటుంబంలో తిండి వాటా ఎంతో విడిగా తేల్చి, ఆ తరువాత ఆ వాటాలన్నిటికీ సమానంగా సగటు కట్టడం రెండవ పద్ధతి. ఇందులో ప్రతి ఇంటికీ ఒకే ఓటు. జీవన వ్యయమంటున్నది ఎవరి జీవన వ్యయమని ఆర్థికవేత్త ప్రైస్ 1959లో ఈ ప్రశ్ననే సూటిగా లేవనెత్తారు. బ్రిటన్ గణాంక కార్యాలయం నేడు ఇంటికో ఓటు పద్ధతిలో కుటుంబ వ్యయ సూచీలను ప్రత్యేకంగా వెలువరిస్తోంది.

తేడా ఎంతుంటుందో ఊహాత్మకమైన చిన్న లెక్కతో చూద్దాం. ఆటోనగర్‌లో పనిచేసే ఒక కార్మికుడి ఇంటి ఖర్చు నెలకు 20,000 రూపాయలు, అందులో సగం తిండికి పోతుందనుకుందాం. ఎంవీపీ కాలనీలోని మరో ఇంటి ఖర్చు 80,000, అందులో నాలుగో వంతు తిండికనుకుందాం. ఆ ఏడాది ఆహార ధరలు 8 శాతం, మిగిలినవన్నీ 3 శాతం పెరిగాయి. మొదటి ఇంటికి ద్రవ్యోల్బణం 5.5 శాతం, రెండవ ఇంటికి 4.25 శాతం అవుతుంది. రెండు ఖర్చులనూ కలిపి పోస్తే లక్షలో 30,000 తిండికి పోతోంది కనుక రూపాయికో ఓటు లెక్కన వచ్చేది 4.5 శాతం. ఇంటికో ఓటు లెక్కన తిండి సగటు వాటా 37.5 శాతమై, ద్రవ్యోల్బణం 4.9 శాతానికి చేరువవుతుంది. మొదటి పద్ధతిలో వచ్చిన జవాబు పెద్ద ఇంటి పక్కనే ఉంది, చిన్న ఇంటికి ఒక శాతం దూరంలో ఉంది. జీతం ఆ 4.5 శాతం ప్రకారమే పెరిగితే కార్మికుడి ఇంటికి ఏటా ఒక శాతం కొరత పడుతుంది. కొన్నేళ్ళు వరుసగా ఇలా జరిగితే అది కూరగాయల సంచిలోనో, పిల్లల చదువులోనో కోతగా తేలుతుంది.

ఇది ఊహించిన లెక్కే అయినా, అసలు దూరం ఇంతకంటే చిన్నదేమీ కాదు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో అట్టడుగు 5 శాతం వారి తలసరి నెలసరి ఖర్చు 2,001 రూపాయలు, పైనున్న 5 శాతం వారిది 20,824. రూపాయికో ఓటు పద్ధతిలో పైవర్గపు మనిషి ఒక్కరికి పది ఓట్లున్నట్టే.

మరి ఏది మేలు? నా అభిప్రాయంలో దీనికి జవాబు సూచీ చేసే పనిని బట్టి మారుతుంది, మారాలి కూడా. రిజర్వు బ్యాంకు 2016 చట్ట సవరణ నాటి నుంచి 4 శాతం లక్ష్యంగా, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటుతో ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయవలసి ఉంది. దేశంలో చేతులు మారే మొత్తం డబ్బు విలువ ఎంత కరుగుతోందో దానికి కావాలి, అందుకు రూపాయికో ఓటు సరైనదే. కరవు భత్యం (డీఏ), కనీస వేతనం, పింఛను సవరించడానికి అదే పద్ధతిలో కట్టిన సూచీని వాడటాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. అక్కడ ప్రశ్న డబ్బు విలువ గురించి కాదు, ఒక ఇల్లు నిన్నటిలాగే ఇవాళా బతకగలదా అన్నదాని గురించి. అందుకు ఇంటికో ఓటు తప్ప న్యాయమైన దారి నాకు కనిపించడం లేదు.

ఇంటికో ఓటు ఎప్పుడూ పెద్ద అంకెనే ఇస్తుందని ఎవరైనా ఆశిస్తే, ఆ ఆశ నిలవదు. 2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. ఆహార ధరలు అంతకు ముందరి ఏడాదితో పోల్చితే 5 శాతం పడిపోవడమే ప్రధాన కారణం. అటువంటి నెలలో తిండి వాటా ఎక్కువున్న ఇళ్ళకు ఊరట ఎక్కువ, ఇంటికో ఓటు లెక్క ఇంకా చిన్న అంకెను చూపుతుంది. కార్మిక సంఘాలు ఈ పద్ధతిని కోరుకుంటే ఈ రెండో వైపునూ అంగీకరించాలి. నిజాయతీగల కొలత రెండు వైపులా కొలుస్తుంది.

సూచీలో చేర్చిన సరుకుల, వాటి వెయిటేజీల జాబితాను బుట్ట అంటారు. పాత బుట్టా, కొత్త బుట్టా అన్న పోలికలో కొత్తదే మేలనడంలో నాకు సందేహమేమీ లేదు. 2012 సూచీ వెయిటేజీలు 2011-12 నాటి సర్వేవి. 2017-18లో జరిగిన సర్వే ఫలితాలను నాణ్యత కారణాలు చూపి విడుదల చేయలేదు. దాంతో పదేళ్ళు దాటిన ఇంటి ఖర్చులతోనే దేశం ధరలను కొలుస్తూ వచ్చింది. ఆలోగా పట్టణాల ఖర్చులో ఆహారం వాటా 2023-24 సర్వే నాటికి 39.68 శాతంగా, గ్రామాల్లో 47.04 శాతంగా నమోదైంది. 2024 ఆధారంగా 2026 ఫిబ్రవరిలో మొదలైన కొత్త సూచీ ఈ సర్వే మీదే నిలబడింది. అందులో ఆహార పానీయాల వెయిటేజీ 36.75 శాతానికి తగ్గింది, గ్రామీణ ఇళ్ళ అద్దె కూడా చేరింది. ఈ తగ్గుదలను చూసి జనం తినడం తగ్గించారనో, ఒక్కసారిగా సంపన్నులయ్యారనో అనుకోవడం తొందరపాటు. పాత సూచీలో 5.55 శాతం వెయిటేజీతో ఆహారం కిందే ఉన్న వండిన భోజనం, చిరుతిళ్ళు, మిఠాయిల పద్దులో హోటల్ భోజనం వంటివి ఇప్పుడు వేరే విభాగానికి మారాయి. జగదాంబ కూడలి దగ్గర తినే ఇడ్లీ ఇప్పుడు రెస్టారెంట్ల పద్దులోకి వెళ్తుంది, ఇంట్లో వండుకునే ఇడ్లీ మినపప్పు మాత్రం ఆహారంలోనే ఉంటుంది. వర్గీకరణ మారడం వల్ల ఎంత తగ్గిందో, అలవాటు మారడం వల్ల ఎంత తగ్గిందో విడదీసి చూడకపోతే రెండు సూచీల పోలిక తప్పుదారి పట్టిస్తుంది.

రేషన్ బియ్యం మరో చిక్కు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కిలో రూపాయికి ఇచ్చే బియ్యం 2023 నుంచి ఉచితమైంది. ఒక సరుకు ధర వివిధ దుకాణాల్లో ఎన్ని రెట్లయిందో చూపే నిష్పత్తులను గుణ మధ్యమంతో, అంటే అంకెలను ఒకదానితో ఒకటి గుణించి తీసే సగటుతో కలుపుతారు, అందులో ఒక్క సున్నా చేరితే మొత్తం సున్నా అవుతుంది. కాబట్టి ఉచిత సరుకును బుట్ట నుంచి తీసేసి, కుటుంబం నిజంగా డబ్బిచ్చి కొన్నవాటికే వెయిటేజీ పంచడం సబబు. అలా తీసేస్తే పేద ఇంటి ఖర్చులో బియ్యం వాటా తగ్గి, నూనె, పప్పు, కూరగాయల వాటా పెరుగుతుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

స్థిరమైన బుట్టకూ, సర్దుబాటును లెక్కలోకి తీసుకునే బుట్టకూ మధ్య పోలిక మన వంటింట్లోనే తేలిపోతుంది. 2023 జూలైలో టమాటా ధర చుక్కలనంటినప్పుడు దేశ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. సూచీలో టమాటా వెయిటేజీ అర శాతానికి కాస్త ఎక్కువ మాత్రమే; దాని ధర ఎన్నో రెట్లు పెరగడం వల్లనే అంత ప్రభావం పడింది. ఆ రోజుల్లో విశాఖలో ఎన్ని ఇళ్ళు టమాటా పప్పు మాని గోంగూర పప్పు, దోసకాయ పప్పు వండుకున్నాయో, టమాటా చారు బదులు చింతపండు చారు పెట్టుకున్నాయో లెక్కలేదు. స్థిర బుట్ట మాత్రం అదే మోతాదు టమాటా కొన్నట్టే భావిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలోనూ ఇదే జరుగుతుంది. ఫిషింగ్ హార్బరులో వంజరం అరుదై, దొరికిన కొద్దిపాటికి ధర మండిపోతుంటే, ఇంట్లో ఎండు చేపలో కోడిమాంసమో వండుకుంటారు. సూచీలో చేపల వాటా మాత్రం మారదు. ఈ లోపం వల్ల ద్రవ్యోల్బణం కొంత ఎక్కువగా కనబడుతుంది. ఇదీ, ఇటువంటి మరికొన్ని లోపాలూ కలిసి అమెరికా సూచీని ఏటా 1.1 శాతం మేర ఎక్కువగా చూపుతున్నాయని బాస్కిన్ కమిషన్ 1996లో అంచనా వేసింది. జనం ఒక సరుకు బదులు మరొకటి కొనడాన్ని లెక్కలోకి తీసుకునే గొలుసుకట్టు సూచీ కూడా అక్కడ 2002 నుంచి వెలువడుతోంది, 2018 నుంచి ఆదాయపు పన్ను శ్లాబులను దానితోనే సవరిస్తున్నారు.

గొలుసుకట్టు పద్ధతి శాస్త్రపరంగా మేలైనదే, కానీ దాన్ని వేతనాలకు వాడటానికి నేను వెనుకాడతాను. ఇష్టపడి గోంగూర వండుకోవడం వేరు, వేరే గతి లేక వండుకోవడం వేరు. వంజరం తినే ఇల్లు ఎండు చేపలకు దిగితే, ఖర్చు పెరగలేదని చెప్పి భత్యం ఆపడం ఆ ఇంటి దిగజారుడునే కొత్త ప్రమాణంగా చేయడమవుతుంది. వేతనాలకు స్థిర బుట్టే ఉండాలి, అయితే ఐదేళ్ళకోసారి తప్పకుండా మార్చాలి.

కేంద్ర గణాంక శాఖ సూచీకీ, కేంద్ర కార్మిక శాఖ కింది లేబర్ బ్యూరో వెలువరించే పారిశ్రామిక కార్మికుల సూచీకీ మధ్య పోలిక విశాఖవాసులకు మరీ ముఖ్యం. రెండోదానికి ఆధార సంవత్సరం 2016. ధరలు సేకరించే 88 కేంద్రాల్లో విశాఖపట్నం ఒకటి. కర్మాగారాలు, రైల్వేలు, ఓడరేవులు సహా ఏడు రంగాల కార్మికుల ఖర్చే దీనికి పునాది, ఆ మూడూ విశాఖలో ఉన్నాయి. దీనిలో ఆహారం వెయిటేజీ 2001 సిరీస్‌లోని 46.2 నుంచి 39.17కు తగ్గగా, గృహవసతి 15.27 నుంచి 16.87కు పెరిగింది. కార్మిక కుటుంబాలకే పరిమితమైన బుట్ట కనుక, ఇంటికో ఓటు ఆదర్శానికి ఇది కొంత దగ్గరగా ఉంది. అయితే కేంద్ర ఉద్యోగులకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పారిశ్రామిక డీఏ కింద మూడు నెలలకోసారి ఇచ్చే భత్యం అఖిల భారత సగటుతోనే నిర్ణయమవుతుంది. విశాఖలో అద్దెలు దేశ సగటును మించి పెరిగినా ఆ పెరుగుదల 88 కేంద్రాల మధ్య పలచబడిపోతుంది. పైగా ఇళ్ళల్లో పనిచేసేవారు, చేపలమ్మే స్త్రీలు, రుషికొండ ఐటీ ఉద్యోగులు ఈ ఏడు రంగాల్లో ఎక్కడా లేరు.

వ్యవసాయ కూలీల సూచీ కథ మరీ బాధాకరం. 1986-87 నాటి ఆధారంతో, ఆహారానికి 69 శాతం వెయిటేజీతో అది 2025 వరకు నడిచింది. పాడేరు కొండల్లోని కూలీలు సహా దేశమంతటా ఉపాధి హామీ వేతనాలను ఏళ్ళ తరబడి దీనితోనే సవరించారు. కూలి ఇళ్ళలోనూ ఫోను రీఛార్జి, బస్సు చార్జీ, ఆసుపత్రి ఖర్చు పెరిగిన కాలంలో ఆ ఖర్చులకు సూచీలో మిగిలిన చోటు ఎంతో తక్కువ.

ఏ బుట్టను ఎంచుకున్నా, ఎంత న్యాయంగా ఓట్లు పంచినా, ధర మాత్రం అందరికీ ఒకటేనని సూచీ అనుకుంటుంది. 2023 టమాటా సంక్షోభంలో రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో రాయితీపై కిలో 50 రూపాయలకు అమ్మింది. పొద్దున్నే బారులో నిలబడగలిగిన ఇంటికి ఒక ధర, కూలికి వెళ్ళి సాయంత్రం వీధి దుకాణంలో కొన్న ఇంటికి మరో ధర. నూనె ఐదు లీటర్ల డబ్బాగా కొనేవారికి లీటరు పడే ధరకూ, కిరాణా కొట్టులో వంద గ్రాముల చొప్పున అరువు తెచ్చుకునేవారికి పడే ధరకూ తేడా ఉంటుంది. కొత్త సూచీ ఆన్‌లైన్ ధరలను కూడా సేకరించడం మంచి పరిణామమే, కానీ అది ఒక వైపు మార్కెట్టును మాత్రమే చూపుతుంది. వినియోగ వ్యయ సర్వే ఫలితాలు ఇప్పటికే అట్టడుగు 5 శాతం నుంచి పైనున్న 5 శాతం దాకా వర్గాల వారీగా అచ్చవుతున్నాయి. వాటితో వర్గాల వారీ వెయిటేజీలు కట్టి, ఉన్న ధరలతోనే ఇంటికో ఓటు సూచీని వెలువరించడానికి కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. అరువు కొట్టు ధరను, చిన్న పొట్లం ధరను విడిగా రాసుకోవడానికి మాత్రం క్షేత్ర సిబ్బంది కావాలి, ఆ పని ఎంవీపీ కాలనీ రైతు బజారుతో పాటు గాజువాక సందుల్లోని కిరాణా కొట్లలోనూ జరగాలి.