చింత అంటుకి నాలుగు స్టార్లు, ట్యాగ్‌కి ఒకటే

ఒక ఆన్‌లైన్ నర్సరీ నుంచి రెండు మొక్కలు తెప్పించా, నర్సరీ పేరెందుకు లెండి. ఒకటి మామూలు చింత అంటు, రెండోది 'స్వీట్ చింత'.

అంటు మాత్రం సూపర్. మట్టి గడ్డ చెదరలేదు, అంటు కట్టిన చోట బాగా అతుక్కుంది, పైన ఎర్రటి చిగురు కూడా వేసింది. గింజ మొక్కతో పోలిస్తే కాపు చాలా త్వరగా వస్తుంది, కాకపోతే అంటు కింద నుంచి పిలకలొస్తే గిల్లేస్తూ ఉండాలి.

ఇక రెండోది. ట్యాగ్ మీద చింత శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా అనే ఉంది, కవర్ విప్పుతుంటే వేలికి ముల్లు దిగింది. చింతకి ముళ్ళెక్కడివండీ బాబూ! ఆకు చూశా, చింతాకైతే ఒకే ఈనెకి అటూ ఇటూ పది పదిహేను జతల చిట్టి ఆకులుంటాయి కదా, దీనికేమో కాడ రెండుగా చీలి ఒక్కోదానికి రెండేసి, మొత్తం నాలుగే. అది సీమచింత, శాస్త్రీయంగా పిథెసెల్లోబియం డల్సే, మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు. ఆ కాయలూ బానే ఉంటాయి గానీ నేను డబ్బు కట్టింది థాయ్‌లాండ్ తీపి చింతకి. అది అచ్చంగా మన చింతే, రకమే వేరు. అసలు టామరిండస్ జీనస్‌లో (ప్రజాతిలో) ఉన్నది ఒక్కటే స్పీసీస్ (జాతి), 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరే ఇప్పటికీ నడుస్తోంది, పులుపుదైనా తీపిదైనా లోపల ఎర్రగా ఉండేదైనా అన్నిటికీ అదే పేరు, కాబట్టి కొనేవాడికి కావాల్సింది ట్యాగ్ మీద పీకేఎం 1 లాగా రకం పేరు. అది లేదు.

ట్యాగ్ మీదే ఫ్యామిలీ (మొక్కల కుటుంబం) దగ్గర 'సిసాల్పినియేసి' అని కొట్టారు. అది పాత లెక్క, ఇప్పుడు చింత కూడా కంది, పెసర ఉన్న ఫాబేసిలోనే. 2017లో ఆ ఫ్యామిలీని ఆరు ఉపకుటుంబాలుగా సర్దినప్పుడు చింత సిసాల్పినియోయిడే అనే ఉపకుటుంబం లోంచి డెటారియోయిడే అనేదానికి వెళ్ళింది, సీతాశోకం ఉన్న గ్రూప్ అది. తమాషా ఏంటంటే అదే సర్దుడులో తుమ్మ, సీమచింత లాంటివన్నీ సిసాల్పినియోయిడేలోకి వచ్చి చేరాయి, అంటే చింతకి తప్పయిన ట్యాగు వీళ్ళు పంపిన ముళ్ళ మొక్కకే దాదాపు సరిపోయింది!

సైట్‌లో ఇంకో ముక్క, 'పేరులోనే ఇండికా, పక్కా స్వదేశీ వృక్షం' అట. చింత పుట్టిల్లు ఆఫ్రికా అండీ. మన దగ్గరికి ఎప్పుడో వచ్చేసి ఊరూరా పెరిగిపోయింది, అరబ్బులు దీన్ని ఇండియా ఖర్జూరం అన్నారు, ఆ ముద్రే లాటిన్ పేరులోకి ఎక్కింది.

ఫోటోలు పంపితే గొడవ చెయ్యకుండా రీఫండ్ ఇచ్చారు, మొక్క ఉంచేసుకోమన్నారు, అందుకే ఇంకో స్టార్ తగ్గించట్లేదు. అంటు కావాలంటే ధైర్యంగా తీసుకోండి. స్వీట్ చింత అయితే మాత్రం ఆర్డర్ పెట్టేముందు ఆకు దగ్గర్నుంచి తీసిన ఫోటో అడగండి.