టైమర్ పెట్టి వంతులా, ఆడి ముగించాకే వంతా?

డేకేర్‌లో రెండేళ్ల పిల్లలిద్దరికీ ఒకే బొమ్మ కారు కావాలి. టీచర్ ముందున్న దారులు రెండు.

టైమర్ పెడితే రెండు మూడు నిమిషాలకు కారు చేయి మారుతుంది. ఎదురుచూసే పిల్లాడికి ఇది ఊరట. చిక్కల్లా ఆడుతున్న పాపతోనే. ఆ వయసులో నిమిషాల లెక్క తెలియదు, గంట మోగిందంటే ఎవరో లాక్కున్నట్టే. అందుకే కారును గుండెకు హత్తుకుని బిగపడుతుంది, ఒక్కోసారి కొరుకుతుంది కూడా. ఇసుక గడియారం కొంత మేలు, ఇసుక జారడం కంటికి కనిపిస్తుంది కదా.

రెండో పద్ధతిలో ఆడి ముగించేదాకా కారు పాపదే. "అయ్యాక నాకివ్వు" అనడం బాబుకు నేర్పాలి. మాటలు రాకుంటే చేయి చాపితే చాలు. టీచర్ పక్కనే కూర్చుని, "ఆగడం కష్టంగా ఉంది కదా నాన్నా" అంటూ ఆ ఏడుపును ఓర్చుకోవాలి. ఓపిక చాలా కావాలి. కానీ పాప తనంతట తాను ఇచ్చినప్పుడు బాబు ముఖం వెలగడం చూస్తుంది. పంచుకోవడం అక్కడే మొదలవుతుంది. మూడేళ్లలోపు వారికి ఇదే నయం.

ఒక్కటే ఉన్న ఊయలకు మాత్రం వంతులు తప్పవు. అక్కడ టైమర్ కన్నా పది ఊపులు గట్టిగా లెక్కపెట్టడం మంచిది. ఏడాదిన్నర లోపు వారికైతే ఒకేలాంటి బొమ్మలు రెండు మూడు ఉంచాల్సిందే.