కోట్‌పల్లిలో నడక బాగుంది, బస మోసం

చెరువు కనిపించే గది అన్నారంటే కిటికీ తెరవగానే నీళ్లు కనిపించాలి. వికారాబాదు దగ్గరి కోట్‌పల్లి జలాశయం దారిలో మాకిచ్చిన గదికి కిటికీ ఉంది, దానికి ఎదురుగా నీలం రేకుల ప్రహరీ ఉంది. చెరువు చూడాలంటే డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడాలి. రాత్రి భోజనం, ఉదయం టిఫిను కలిపి మనిషికి 1,800 చొప్పున నలుగురికి 7,200 రూపాయలు ముందే కట్టించుకున్నారు.

ఎండలు ముదరకముందే హైదరాబాదు చుట్టుపక్కల నీటి ఒడ్డుల వెంట తీరిగ్గా నడవాలన్నది మా మిత్రబృందం కోరిక. హిమాయత్ సాగర్ ఒడ్డున నడక హాయిగా సాగింది. నీరు తగ్గిన చోట బురదలో కొంగలు, నారాయణ పక్షులు బారులు తీరి కనిపించాయి. అంతకుమించి చెప్పడానికేమీ లేదు, బాగుంది.

తరువాత వికారాబాదు వరకు రైలు, స్టేషను నుంచి అనంతగిరికి ఆటో, నలుగురికీ కలిపి 250. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర దిగి అడవి దారి పట్టాం. ఈ కాలంలో ఆ దారి అందమంతా మోదుగలదే. ఒక్క ఆకు లేని కొమ్మ మీద చిలుక ముక్కులా వంగిన ఎర్రటి పూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. వాటిని నీళ్లలో ఉడికించి హోళీకి రంగు చేసుకునేవాళ్లమని మా నర్సు స్నేహితురాలు దారి పొడవునా చెబుతూనే ఉంది. మూసీ పుట్టింది ఈ గుట్టల్లోనే. 1908 వరదలు నగరాన్ని ముంచెత్తాక ఆ నదికే ఆనకట్ట వేసి 1920లో గండిపేట చెరువు కట్టారు. అలాంటి చోట చిప్సు కవర్లు, ప్లాస్టిక్ గ్లాసులు పారేసే మనుషులను చూస్తే ఒళ్లు మండింది. మాతో వచ్చిన లెక్కల మాస్టారు దొరికినన్ని ఏరి సంచిలో వేసుకున్నారు.

ఇక ఆ రాత్రి కోట్‌పల్లి బసలో. పక్క పచ్చికలో ఎవరి పుట్టినరోజో, పెద్ద స్పీకర్లు. పదకొండున్నర దాటినా ఆగలేదు. నైట్ డ్యూటీలు చేసి చేసి, కంటినిండా నిద్రపోదామని వచ్చిన మనిషి మా స్నేహితురాలు. రెండుసార్లు వెళ్లి బతిమాలింది. "శనివారం ఇంతే మేడమ్" అన్నాడు మేనేజరు. భోజనంలో చల్లారిన అన్నం, మనిషికి లెక్కపెట్టి రెండు చపాతీలు. తెల్లవారాక బిల్లులో చలిమంటకు 400, వేడినీళ్లకు 200. మేము చలిమంట అడగలేదు, వాళ్లు వేయనూ లేదు. రసీదు ఇస్తే గానీ కట్టనని మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముప్పావుగంటకు బిల్లులోంచి చలిమంట 400 తీసేశారు, వేడినీళ్ల 200 మాత్రం వసూలు చేశారు.

కోట్‌పల్లి జలాశయం ఒడ్డున గంటన్నర నడిచినా మా స్నేహితురాలు పెదవి విప్పలేదు. ఆమె ముఖం విప్పారింది రోడ్డు పక్క రేకుల పందిరి కింద జొన్నరొట్టెల దగ్గర. ఒక పెద్దావిడ పిండి ముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతూ పెద్ద రొట్టె చేసి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్ది, తిరగేసి, చివరికి నిప్పుల మీద నిలబెట్టింది. రొట్టె పొంగింది. రొట్టె 20, వంకాయ కూర 30, పల్లీల కారం, ఉల్లిపాయ ఊరికే. "వేడిమీదే తినండి బిడ్డా, చల్లారితే గట్టిపడుతుంది" అంటూ మా స్నేహితురాలికి అడగకుండానే ఇంకొకటి వేసింది. నలుగురం కడుపునిండా తింటే 300 అయింది. ముందు రోజు 7,200కు దొరకని ఆదరణ అది.

నా మాట వింటే కోట్‌పల్లికి వారం మధ్యలో వెళ్లండి, ఆరింటికల్లా నడక మొదలుపెట్టండి, తాగునీళ్లు వెంట ఉంచుకోండి. సాయంత్రానికి ఇల్లు చేరగల దూరమే కాబట్టి రాత్రి బస అవసరం లేదు. ఉండాలనుకుంటే వికారాబాదు ఊళ్లో మామూలు లాడ్జి చాలు. చెరువు ఒడ్డు గది అని ఎవరైనా ఊరిస్తే, కిటికీ దగ్గర నిలబడి వీడియో కాల్ చేయమనండి. చేయనంటే ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు పంపకండి.